దొంగగారికీ నాకూ మధ్య లెక్క

రాజోలులో నాకు కొబ్బరి చెట్లున్న చోట్లు రెండు, కాపలా మనిషిని నేనొక్కణ్ణి. పెరట్లో అయితే ఒక రాత్రికి దొంగ దింపుకుపోగలిగేవి 30 కాయలు, కాలవ గట్టు తోటలో అయితే 60. నేనున్న చోటికొస్తే వట్టి చేతులతో పోతాడు, లేని చోటికొస్తే బస్తాతో పోతాడు.

ఏ బుద్ధిమంతుడైనా గట్టు మీదే మంచం వేస్తాడు. ఆ సంగతి దొంగకీ తెలుసు కాబట్టి పెరట్లోకొస్తాడు. అలా వస్తాడని నేను పెరట్లో పడుకుంటే, అదీ కనిపెట్టి గట్టుకి పోతాడు. దీనికి అంతెక్కడ?

అంతుందని 1928లోనే జాన్ వాన్ నాయ్‌మన్ రుజువు చేశాడట. ఒకరి నష్టం మరొకరి లాభమయ్యే పోటీలో ఇద్దరికీ తగిన పాళ్ళు ఉండి తీరతాయి. 1950లో జాన్ నాష్ దాన్ని ఇంకా రకరకాల ఆటలకు విస్తరించి, 1994లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. సూత్రం చిన్నదే: ఎటు వెళ్ళినా ఎదుటివాడికి ఒకటే గిట్టేలా చూడు. మూడోవంతు రాత్రులు పెరట్లో, మిగతావి గట్టు మీద పడుకున్నాననుకోండి. పెరట్లో దొంగకి 30లో రెండు వంతులు దక్కుతాయి, సగటున 20. గట్టు మీద 60లో ఒక వంతు, అదీ 20.

అంటే, నేనెంత పకడ్బందీగా కాసినా, అతనొచ్చిన రాత్రికి 20 కాయలు సమర్పించుకోవలసిందే! దొంగని ఆపే ఉపాయం చెప్పమంటే శాస్త్రం దొంగకి పింఛను మంజూరు చేసింది. అంబాజీపేటలో ధర వెయ్యి కాయలకి చెబుతారు, 20 ఓ లెక్కా అనేవాళ్ళు ముందు నా చెట్లకి నీళ్ళు కట్టాలి.

పోనీ ఎరువేసి గట్టు కాపుని 90కి పెంచుదామా అంటే, నాలుగింట మూడు రాత్రులు నేనక్కడే పడుకోవాలి. అందుకని దొంగ నాలుగింట మూడు రాత్రులు పెరట్లోకే వస్తాడు. ఎరువు గట్టుకి, దొంగ ఇంటికి! నష్టం సగటున 22 కాయలూ ఒక చెక్క. ఆ చెక్క పచ్చడికి కాబోలు.

ఇవాళ ఇటు, రేపూ ఎల్లుండీ అటు అని వరస పెట్టుకోకూడదు, వాడు పసిగట్టేస్తాడు. ఏ రాత్రికా రాత్రి పాచిక వెయ్యాలి: ఒకటో రెండో పడితే పెరడు, తక్కినవి పడితే గట్టు. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో 2007 నుంచి తనిఖీ ఎక్కడ, ఎప్పుడు అన్నది కంప్యూటర్ ఇలాగే తేల్చేదట. పాళ్ళు ఊళ్ళో చాటింపు వేయించినా ఫరవాలేదు గానీ, ఆ రాత్రి పడ్డ అంకె పొక్కకూడదు. మా ఇంట్లో పాళ్ళు ఎవరికీ బోధపడవు. అంకె మాత్రం దీపాలు పెట్టేవేళకే వీధిన పడుతుంది.

"ఏవండీ, నాలుగు పడిందన్నారుగా, దోమతెర గట్టుకి పంపించెయ్యనా?" అని మా ఆవిడ అరుగు మీంచి కేక.

కాయ దింపడానికొచ్చే మనిషిని సలహా అడిగాను. "ఆయ్, రెండో మనిషిని పెట్టుకోండి బాబుగారూ" అన్నాడు. కూలి ఎంతో కనుక్కుంటే 20 కాయల ఖరీదు కంటే ఎక్కువే తేలింది. ఆ కూలేదో దొంగకే ఇచ్చి కాపలా పెట్టుకోమంటుంది మా ఆవిడ. అప్పుడు దొంగ ఎవరవుతారో లెక్క కట్టాలి.