వారంటీ ఉంది సార్, కానీ...

షోరూంలో మనిషంత అట్టముక్క తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీసే రోజున వారంటీ ఎంత విశాలమైనదో! మూడేళ్లంటారు, లక్ష కిలోమీటర్లంటారు. ఇంకాస్త డబ్బు కడితే ఎక్స్‌టెండెడ్ వారంటీ. "ఇక మీరు నిశ్చింతగా ఉండండి సార్" అంటారు. నిశ్చింత ఎవరికో రెండో ఏడు గేర్‌బాక్సు మూలిగినప్పుడు తెలిసొస్తుంది.

సర్వీసు సెంటర్లో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు లోపాన్ని కారులో వెతకడు, మీలో వెతుకుతాడు. ఇంజెక్టర్లు పోయాయా? మీరు కొట్టించిన డీజిల్ కల్తీ. గేర్లు పడడం లేదా? మీ డ్రైవింగ్ అలవాటు. వైరింగ్ కాలిందా? ఎలుక కొరికింది. తెలుగునాట ఎలుక ఎప్పుడో వినాయకుణ్ని దించేసి కార్ల కంపెనీలను మోస్తోంది. ఇక బయట హారన్ బిగించారా, మొత్తానికే ఎసరు. హారన్‌కూ గేర్‌బాక్సుకూ ఏం చుట్టరికమో వాళ్లకే తెలియాలి.

బయటి మెకానిక్ చెయ్యి తగిలితే వారంటీ మైలపడుతుందట. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్లకు పైగా జరిమానా వేసినప్పుడు ఈ మడికట్టును కూడా తప్పుపట్టింది. బయటి రిపేరు వల్ల చెడిన మేరకే కాదనాలి తప్ప, గడప దాటాడన్న కోపంతో వారంటీ అంతా రద్దు చేయకూడదంది. జరిమానా అప్పీళ్లకెక్కింది. మడి మాత్రం వర్క్‌షాపుల్లో చెక్కుచెదరలేదు.

2017లో ఓ హ్యుందాయ్ క్రెటా ముందు భాగం దెబ్బతింది, ఎయిర్‌బ్యాగులు మాత్రం తెరుచుకోలేదు. అవి తెరుచుకోవాలంటే తగినంత బలంతో గుద్దుకోవాలని కంపెనీ వాదించింది. గుద్దడంలోనూ కస్టమర్‌దే లోటన్నమాట! వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారు ఫిజిక్సు నిపుణుడు కానక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పి, బండి మార్చి ఇవ్వాలన్న తీర్పును ఖాయం చేసింది. అలాగని ప్రతి కిర్రుకూ కొత్త కారు రాదు. వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప కారు మార్చడం కాదని 2006లో మారుతి కేసులో చెప్పిందీ ఆ కోర్టే.

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది గుడ్‌విల్. "కంపెనీ రిజెక్ట్ చేసింది సార్. మీకోసం మాట్లాడి గుడ్‌విల్ కింద సగం ఇప్పిస్తా." ఇవ్వాల్సిన బాకీలో సగం మింగేసి, మిగతా సగానికి దానమని పేరు పెట్టడానికి ఎంత గుండె కావాలి!

ఈ నాటకమంతా నోటిమాట మీదే నడుస్తుంది. అందుకే ఒక్క ముక్క అడగండి: "రాసివ్వండి." ఏ షరతు కింద కాదన్నారు, ఏ పరీక్ష చేసి తేల్చారు? జాబ్ కార్డు అడుగున 'కస్టమర్‌కు వివరించాం' అని చిన్న అక్షరాల్లో రాసి సంతకం చేయమంటారు. ఒప్పుకోవడం లేదని ఆ పక్కనే రాసి మరీ చేయండి.

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం ప్రకారం డీలరు ఊరికి పరిగెత్తక్కర్లేదు. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే డీలరునూ తయారీదారునూ కలిపి నిలబెట్టొచ్చు. కేసు రెండేళ్లలోపు వేయాలి. కారు ధర 50 లక్షలు దాటకూడదు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు, పది లక్షల దాకా 200 రూపాయలు. వాళ్ల దగ్గర కారు కడిగించినా అంతకంటే ఎక్కువే. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, లోపం తేల్చడానికి ల్యాబు పరీక్ష కోరొచ్చు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. వాయిదాలకు మాత్రం పంచాంగం వేరు. అందుకే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని కంపెనీలకు అక్కడే జ్ఞాపకశక్తి తిరిగొస్తుంది.

రాసివ్వమన్నారో లేదో, ట్యాబ్ కుర్రాడు "ఒక్క నిమిషం సార్" అని లోపలికెళ్తాడు. పావుగంటకు మేనేజరే స్వయంగా వచ్చి, "ముందు కాఫీ తీసుకోండి" అంటాడు. తీసుకోండి. దాన్నీ గుడ్‌విల్ కిందే రాసుకుంటారు.