అయిదు మీటర్ల లోకం

ఓటు వేయడానికి వెళ్లినప్పుడు మీ చూపంతా అట్టల చాటున ఉన్న బ్యాలెట్ యూనిట్ మీదే ఉంటుంది. మీ వేలు పడేది దాని నీలం మీట మీదే. నేను ఇవతల పోలింగ్ అధికారి బల్ల మీద కూర్చుని, ఒక్కో ఓటరు రాగానే ‘బ్యాలెట్’ మీట నొక్కించుకునేదాన్ని. ఓట్ల లెక్క దాగేది నా కడుపులో. పేరు కంట్రోల్ యూనిట్.

పుట్టిల్లు హైదరాబాదు ఈసీఐఎల్. ఎ.ఎస్. రావు చేతుల మీదుగా 1967లో మొదలైన సంస్థ. ఆయన పేరున ఒక నగర్, సంస్థ పేరున ఒక చౌరస్తా ఉన్నాయి కాబట్టి సిటీ బస్సు ఎక్కినవాళ్లెవరికీ అడ్రసు చెప్పక్కర్లేదు. మా పెద్దలు మొదటిసారి ఓట్లు వేయించుకున్నది 1982 మే 19న, కేరళలోని పరవూరులో. నేను మూడో తరం. ఎం-3 అంటారు.

పాత తరానికీ మాకూ ఉన్న పెద్ద తేడా ఒక్కటే. వాళ్లకు పక్కన కూర్చున్నదెవరో అడిగే నోరు లేదు. 2010లో హైదరాబాదు ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, డచ్ నిపుణుడు రాప్ గాంగ్రీప్ కలిసి ఒక పాత యంత్రాన్ని విప్పారు. ఫలితం చూపించే బోర్డు తీసేసి, అచ్చం అలాగే ఉండే నకిలీది బిగించారు. అంకెలు మారిపోయాయి, యంత్రం గుర్తించలేదు. మా రక్షణ ఏర్పాట్ల మధ్య అది కుదరదని ఎన్నికల సంఘం అంది. హరిప్రసాద్‌ను ఆ ఏడాదే అరెస్టు చేశారు. ఆ వాదన సంగతి అలా ఉంచితే, ఒక యంత్రం తనకు తగిలించిన భాగాన్నల్లా కళ్లు మూసుకుని నమ్మేయడం మంచిది కాదనే నేనూ అంటాను.

నేనైతే అలా గుడ్డిగా నమ్మను. ఊళ్లోకి కొత్త మొహం వస్తే అరుగు మీది ముసలమ్మ ‘ఎవరి బిడ్డవురా’ అని ఆరా తీసినట్టు, తీగ తగిలించగానే నేను ఓటు చీటీ అచ్చేసే వీవీప్యాట్‌ను, బ్యాలెట్ యూనిట్‌ను ఆరా తీస్తాను, వాళ్లూ నన్ను తీస్తారు. లోపలి గుట్టంతా చెప్పను గానీ పద్ధతి జగమెరిగినదే. ఒకరికొకరు డిజిటల్ సర్టిఫికెట్లు చూపించుకుంటాం. సర్టిఫికెట్ కాపీ ఎవడైనా చేసుకోవచ్చు, కాబట్టి అంతటితో సరిపోదు. అప్పటికప్పుడు పుట్టించిన ఒక అంకెను ఎదుటివారి ముందు పెట్టి, దీని మీద నీ రహస్య తాళంతో సంతకం చెయ్యమనాలి. ఆ తాళం యంత్రంలోంచి బయటికి రాదు. సంతకం సరైనదో కాదో తేల్చే బహిరంగ తాళం ఇవతలివారి దగ్గర ఉంటుంది. ఫోను అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. వైఫై, బ్లూటూత్ నా ఒంట్లోనే లేవు. అయిదు మీటర్ల తీగ ఎంతుందో నా లోకం అంత. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు వరుసకట్టి నామినేషన్లు వేసి 185 మంది బరిలో నిలిచినప్పుడు, మావాళ్లు ఒక్కొక్కరు పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లతో ఇలాగే పరిచయాలు చేసుకున్నారు.

నాకు 2024లో నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం పడింది. గద్వాల, అలంపూర్ల నడిగడ్డ నుంచి వనపర్తి, కొల్లాపూర్ మీదుగా నల్లమల దాకా సాగే నియోజకవర్గం. నన్ను అచ్చంపేట వైపు పంపారు. మన్ననూరు దాటి అడవిలో పడ్డాక సిబ్బంది ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ప్రిసైడింగ్ అధికారి సారు మాటిమాటికీ ఫోను పైకెత్తి చూస్తున్నాడు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

మే 13 తెల్లవారుజామున మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్. పెట్టె మూత తీయగానే ఒక పార్టీ ఏజెంటు ముందుకొచ్చాడు.

“సార్, జర ఆగుండ్రి. మాకిచ్చిన కాగితంల నంబరు గిదేనా?”

“నువ్వే సదువుకో తమ్మీ. మూడింటివీ సూడు.”

అతను నా వీపు మీది అంకెల మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కొక్కటీ కాగితంతో పోల్చాడు. వెనకున్నవాళ్లు ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. నాకు మాత్రం అతను నచ్చాడు. ఎందుకంటే అతను చేసింది నాకు చేతకాని పని.

నా తోబుట్టువు ఒకటి గోదాము నుంచి మాయమై, ఎవరి చేతుల్లోనో పడి, ఈ బల్ల మీదికి వచ్చిందనుకోండి. సర్టిఫికెట్ అసలుదే, తాళం అసలుదే. నేను ‘మా ఇంటి బిడ్డే’ అని పక్కన కూర్చోబెట్టుకుంటాను. బ్యాంకు కార్డు పోతే ఫోను చేసి ఆపించొచ్చు, ఆ కబురు నెట్‌వర్క్‌లో క్షణాల మీద అన్ని చోట్లకూ చేరుతుంది. బయటి గాలి సోకని నాకు ఆ కబురు మోసుకొచ్చేదెవరు? కాగితం మోస్తుంది. పార్టీలవాళ్ల ముందు జరిగే మొదటి తనిఖీ, ఏ యంత్రం ఏ బూతుకో ముందే తెలియకుండా కంప్యూటర్‌తో రెండుసార్లు కలిపేయడం, ఆ నంబర్ల జాబితా, సీళ్ల మీద సంతకాలు. దారి తప్పినవాణ్ణి పట్టుకునేది ఇవే. పోలింగ్ అయ్యాక ఏజెంట్లకిచ్చే 17సీ ఫారంలోనూ మా నంబర్లు, పడిన ఓట్ల లెక్క ఉంటాయి. లెక్కింపు రోజు బల్ల మీదికొచ్చింది నేనేనా అని దాన్నిబట్టే చూస్తారు.

ఆరోజు మాక్ పోల్‌లో యాభైకి తగ్గకుండా ఓట్లు వేశారు. ఒక్కో చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు నిలబడి పెట్టెలో పడింది. నా లెక్క, చీటీల లెక్క సరిపోయాక అంతా తుడిచేసి సీలు వేశారు. సాయంత్రం దాకా నా పని నేను చేశాను, చెప్పుకోడానికి విశేషాలేమీ లేవు.

ఒక్క సంగతి మాత్రం దాచను. మా ముగ్గురి కుటుంబంలో వీవీప్యాట్‌కు బయటి తిండి తినే అలవాటుంది. అభ్యర్థుల పేర్లు, గుర్తులు ల్యాప్‌టాప్ నుంచి సింబల్ లోడింగ్ యూనిట్ ద్వారా దానిలోకి వెళ్తాయి. విమర్శకులు వేలెత్తి చూపింది అక్కడే, అది సబబే. ఆ ఏడాది ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు మళ్లీ కాగితపు బ్యాలెట్లకు పోదామన్న వాదనను తోసిపుచ్చుతూనే, ఆ లోడింగ్ యూనిట్లను సీలు వేసి ఫలితాల తర్వాత కనీసం 45 రోజులు ఉంచమంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం యంత్రాల మెమరీని తనిఖీ చేయించుకోవచ్చని కూడా చెప్పింది.

ఆ తనిఖీ చేసేది తయారీ సంస్థల ఇంజనీర్లే. అంటే నన్ను కన్నవాళ్లే. పుట్టింటి మీద నాకు గౌరవం లేక కాదు గానీ, ఎవరి బిడ్డవని అడగడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ఈ ఒక్క చోట జవాబు కూడా పుట్టింటివాళ్లే చెప్పడం నాకంతగా రుచించదు. పొరుగువాళ్లెవరైనా వచ్చి విప్పి చూస్తామంటే, నా మటుకు నేను సిద్ధమే.