గురుదక్షిణ

మా సూపరింటెండెంటు మిత్రుడి దగ్గర మూడు ఫోన్లుంటాయి. ఒకటి ఇంటికి, ఒకటి ఆఫీసుకి, మూడోది ఫొటోలకి. యువత ఎక్కడెక్కడ వికసిస్తోందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో తీసి, సాయంత్రం ఐదులోగా గ్రూపులో పెట్టడం ఆ మూడోదాని ఉద్యోగం. మండల పరిషత్తు ఆఫీసులో చేతిపంపుల దగ్గర్నుంచి చెత్తబుట్టల దాకా అన్నీ చూసే మనిషికి ఆమధ్య యువజన శిక్షణ కార్యక్రమాల పర్యవేక్షణ కూడా అంటగట్టారు.

"పర్యవేక్షణంటే ఏం చెయ్యాల్రా?" అనడిగాను.

"చూడాలి."

"నేర్పుతున్నారో లేదోనా?"

"అది టీచరమ్మ చూసుకుంటుంది. నేను హాజరు చూడాలి. నేను చూశానో లేదో జిల్లావాళ్ళు చూస్తారు. వాళ్ళు చూశారో లేదో పైవాళ్ళు చూస్తారు. అందర్నీ కలిపి సీసీ కెమెరా చూస్తుంది."

"మరి కెమెరాని?"

"దాని వైరు ఎలక కొరికింది. రిపోర్టు పెట్టాం."

ప్రారంభోత్సవానికి నన్నూ తీసుకెళ్ళాడు. పల్నాడు, ప్రకాశం సరిహద్దులో ఒక ఊరు. పేరెందుకులెండి, పథకం పేరు కూడా అడక్కండి. కుట్టుశిక్షణ, 30 మంది బ్యాచి. పంచాయతీ ఆఫీసు పక్కన పాత సామాజిక భవనానికి కొత్త సున్నం, ముందు ఓ ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద పెద్దల తలకాయలు లెక్కపెట్టాను, పంతొమ్మిది దాకా వచ్చి విసుగేసి మానేశాను. అడుగున నలుగురు కుర్రకారు నవ్వుతున్నారు. వాళ్ళు మనవాళ్ళు కారు, ఇంటర్నెట్‌లోంచి దిగినవాళ్ళు. పళ్ళు చూస్తేనే తెలిసిపోతుంది, ఫ్లోరైడు నీళ్ళు ఎరగని పళ్ళు.

సభాధ్యక్షులు సర్పంచిగారు. ఆయన పక్కన కూర్చునే భాగ్యం దక్కింది కాబట్టి, నాకు తెలిసిన ముక్కొకటి చెవిలో ఊదాను. "73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది కదండీ. దాంతోపాటు 11వ షెడ్యూలులో పంచాయతీలకి అప్పగించదగ్గ విషయాలు 29 రాశారు. అందులో 18వది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య. అంటే ఇదంతా మీదేనండీ!"

సర్పంచిగారు ఉలిక్కిపడ్డారు. "నాదా? ఈ బ్యాచికి మనూరి పిల్లల పేర్లు రాసిందెవరో కూడా నాకు తెలవదే!"

నిజమే. డబ్బు ఢిల్లీ నుంచి, టెండరు రాజధాని నుంచి, ఏజెన్సీ ఇంకో ఊరి నుంచి వస్తాయి. పంచాయతీ వంతుకి వచ్చేది ఒక శాలువా, ఒక అగ్గిపెట్టె. పెళ్ళికొడుకు వీడేగానీ చొక్కా మాత్రం నాది అన్నట్టుగా, కార్యక్రమం పంచాయతీదే గానీ చొక్కా, చొక్కా గుండీలు, గుండీల కాజాలు అన్నీ పైవాళ్ళవే.

ఆ అగ్గిపెట్టెతో జ్యోతి వెలిగించడానికి పావుగంట పట్టింది. ఫ్యానేస్తే దీపం ఆరుతుంది, ఆపితే పెద్దలకి చెమట. చివరికి ఫొటో తీసేంతసేపు ఫ్యాను ఆపారు. తర్వాత యువజన నాయకుడు మైకందుకున్నాడు. ఆయనకి నలభై ఎనిమిదేళ్ళుంటాయి. నవ్వకండి, ఈ దేశంలో యువత అంటే ఎవరన్నది తేలిన విషయమేం కాదు. 2003 నాటి జాతీయ యువజన విధానం ప్రకారం 13 నుంచి 35 ఏళ్ళవాళ్ళు యువత. 2014 విధానం వచ్చి 15 నుంచి 29 అంది. అంటే ముప్పై దాటినవాళ్ళంతా రాత్రికి రాత్రి ముసలాళ్ళయిపోయారు. అదే ఏడాది మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన దయతలచి మళ్ళీ 35 దాకా పొడిగించింది, ఆడవాళ్ళకైతే 45. రాజకీయ పార్టీల యువజన విభాగాలకి మాత్రం ఏ విధానమూ వర్తించదు. అక్కడ కొడుకు అందుకొచ్చేదాకా తండ్రి యువకుడే.

నాయకుడు వివేకానందుడితో మొదలెట్టాడు. 1985 నుంచీ జనవరి 12న జాతీయ యువజన దినోత్సవం చేస్తున్నారు గనక యువతను మేల్కొల్పడం మన వక్తలకి బాగా అలవాటైన పని. ఎదురుగా కూర్చున్న అమ్మాయిలు తెల్లారగట్ల నాలుగింటికే మేల్కొని, ఆటోలో మిరపకోతకి పోయి, పూటకూలి చేసుకుని వచ్చినవాళ్ళు. మేల్కొలుపు వింటూ వింటూ ముందు వరసలో ఇద్దరు హాయిగా నిద్రపోయారు. మావాడు మాత్రం మూడో ఫోను వాళ్ళమీదకి తిరక్కుండా జాగ్రత్తపడ్డాడు.

ఉపన్యాసాలు, ఉప్మా అయ్యాక అసలు తంతు మొదలైంది. బల్లమీద చిన్న మిషను పెట్టారు. రేషను దుకాణంలో పెట్టేలాంటిదే. అమ్మాయిలు వరసగా వచ్చి వేలు పెట్టాలి. పొద్దున రాగానే ఒకసారి, సాయంత్రం పోయేముందు ఒకసారి. ఆకుపచ్చ దీపం వెలిగితే మనిషి ఉన్నట్టు, ఎర్రది వెలిగితే ఎదురుగా నిలబడ్డా లేనట్టు.

నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమమప్పుడు ఊరూరా రాత్రిబళ్ళు పెట్టి, వేలిముద్ర వేసే చేతులకి సంతకం నేర్పాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అలా అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు వెళ్ళి సారా దుకాణమే మూయించారు. వాళ్ళు ఎన్ని రోజులు హాజరయ్యారో పాపం ఏ మిషనూ నమోదు చెయ్యలేదు. ఇప్పుడు ఆ తల్లుల మనవరాళ్ళు డిగ్రీలు చదివి, మూడు భాషల్లో సంతకం చెయ్యగలిగీ, క్యూలో నిలబడి వేలిముద్ర వేస్తున్నారు. ఇంత చక్కగా గుండ్రంగా తిరిగొచ్చిన అభివృద్ధి ఇంకోటి నేను చూళ్ళేదు.

నేర్పకముందే బొటనవేలు అడగడం మనకి కొత్త కాదనుకోండి. కాకపోతే ద్రోణుడు ఒక్కసారే అడిగాడు. ఈ మిషను రోజుకి రెండుసార్లు అడుగుతుంది.

క్యూలో ఓ అమ్మాయి దగ్గర మిషను మొరాయించింది. ఎర్రదీపం. ఇంకో వేలు. ఎర్రదీపం. చెయ్యి కడుక్కుని రమ్మన్నారు, తుడుచుకుని రమ్మన్నారు, కాస్త కొబ్బరినూనె రాసి చూశారు. పది వేళ్ళూ అయిపోయాయి. నాలుగేళ్ళుగా మిరపకోతలకీ, పొగాకు గుచ్చడానికీ పోతున్న చేతులవి. గీతలు అరిగిపోయాయి. ఆమె వెనకాలే నిలబడ్డమ్మాయికి మొదటిసారికే పచ్చదీపం వెలిగింది. ఆ వేలు ఫోను తెర తప్ప ఇంకోటి ముట్టిన వేలు కాదు. పనిచేసిన చెయ్యిని పట్టుకుని పక్కకి తోసేసే ఇంత తెలివైన యంత్రాన్ని కూలిజనం ఎక్కువున్న మండలాలకే ఎందుకు పంపుతారో నాకర్థం కాలేదు.

"మూడురోజులు చూస్తాం, పడకపోతే పేరు తీసేస్తాం. మనచేతిలో ఏముంది?" అన్నాడు మావాడు. మనచేతిలో ఏమీ లేకపోవడమే కదా అక్కడ సమస్య.

శిక్షణంటే ఏమిటో, పర్యవేక్షణంటే ఏమిటో నేను చిన్నప్పుడు ఇంట్లోనే చూశాను. 1979 ఆగస్టు 15న ట్రైసెమ్ అని ఒక పథకం పెట్టారు. బ్లాకుకి ఏడాదికి 40 మంది పల్లెటూరి యువతకి పని నేర్పాలని లెక్క. ఎనభయ్యో దశకంలో మా అన్నయ్య అందులో చేరాడు. ట్రైనింగు సెంటరూ లేదు, ఫ్లెక్సీ లేదు. టౌన్లో రేడియో మెకానిక్కు కొట్లో స్టూలు మీద కూర్చోపెట్టారు. ఓరోజు బ్లాకాఫీసు నుంచి ఈవోగారు సైకిలు మీదొచ్చి, చెమట తుడుచుకుని, బల్లమీదున్న రేడియో చూపించి "విప్పు" అన్నారు. అన్నయ్య విప్పాడు. "బిగించు" అన్నారు. బిగించాడు. "పాడించు" అన్నారు. పాడింది. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయారు. మొత్తం తనిఖీ అంతే.

ఆ పథకం బంగారమని నేననను. అన్నయ్య రేడియో నేర్చుకునేసరికి ఊళ్ళోకి టీవీ వచ్చింది. ఆ పథకం కిందే కొవ్వొత్తుల శిక్షణ పొందిన మా వీధి మనిషి, కరెంటు పోతే మాయింటికొచ్చి కొవ్వొత్తి అప్పడిగేవాడు. 1999లో ట్రైసెమ్‌ని స్వర్ణజయంతి పథకంలో కలిపేశారు, తర్వాత అదీ ఇంకోదాంట్లో కలిసింది. పథకాలు నదుల్లాంటివి, కలుస్తూనే ఉంటాయి. ఆ "విప్పు, బిగించు" అన్న మూడు నిమిషాల పరీక్ష ఏ సంగమం దగ్గర మునిగిపోయిందోగానీ మళ్ళీ పైకి తేల్లేదు.

ఈ కుట్టుశిక్షణ కేంద్రంలో తర్వాతోసారి నేనో తనిఖీ చూశాను. జిల్లా నుంచి వచ్చిన అధికారిగారు రిజిస్టరు చూశారు, వేలిముద్రల మిషను చూశారు, అగ్నిమాపక సిలిండరు మీద గడువు తేదీ చూశారు, మంచినీళ్ళ డబ్బాకి మూత ఉందా అని చూశారు. కుట్టుమిషన్లు పదుంటే నాలుగింటికే బెల్టులున్నాయి. ఆ సంగతి రాయడానికి ఆయన తెచ్చిన ఫారంలో గడి లేదు. టీచరమ్మ ధైర్యం చేసి, తనకి జీతమొచ్చి నాలుగు నెలలైందంది. దానికీ గడి లేదు. "ఫీడ్‌బ్యాక్" అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. అందులో "సంతృప్తికరం" అని రాశారు. వెళ్తూ వెళ్తూ ఆవిణ్ణి "బాగా నేర్పించండమ్మా" అన్నారు. ఏడుగురు చూసే పనిలో చేసే మనిషి ఒక్కరే కాబట్టి, ఆ మాట ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పడానికి వీల్లేదు.

"నువ్వు మరీ ఎగతాళి చేస్తావుగానీ, మాకు వేళ్ళన్నా ఉన్నాయిరా" అన్నాడు మావాడు బొలెరో ఎక్కుతూ. వాడి ఉక్రోషంలో న్యాయముంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. శిక్షణ పొందినవాళ్ళ బ్యాంకు ఖాతా నంబరుండాల్సిన గడిలో, 90 శాతానికి పైగా మందికి సున్నాలో, ఖాళీయో ఉన్నాయట. కొన్నిచోట్ల వరసగా ఒకట్లు. వేర్వేరు మనుషులకి ఒకటే ఫొటో. దేశమంతటా యువత ఒకేలా వికసిస్తే ముఖాలు కూడా ఒకేలా ఉండవా మరి! ఇన్ని కళ్ళు చూస్తుండగా అన్ని ఒకట్లు బారుగా నడిచి వెళ్ళిపోయాయంటే, ఆ కళ్ళన్నీ ఎక్కడున్నట్టు? సిలిండరు మీద గడువు తేదీ చూస్తున్నట్టు.

ఉద్యోగాల సంగతి ఇంకో కథ. గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ పొందినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని నియమం. ఉద్యోగమంటే కనీసం మూణ్ణెల్లు చెయ్యాలి. మా మేనల్లుడు అలాంటి శిక్షణే ఒకటి పూర్తిచేసి, నవంబర్లో శ్రీసిటీ వైపు ఓ ఫ్యాక్టరీలో చేరాడు. సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమ వెళ్ళినా కదలడు.

"ఏరా, ఎప్పుడెళ్తావ్?" అన్నాను.

"వచ్చే జీతం గది అద్దెకీ మెస్సుకీ సరిపోతోంది మావయ్యా. మిగిలేది యూనిఫారమే."

రోజూ ఏజెన్సీవాళ్ళ ఫోను. "తమ్ముడూ, ఇంకొక్క పదిహేన్రోజులు చెయ్యి, నీ కాళ్ళు మొక్కుతాం." వాడి జీవితంలో వాణ్ణి అంత గౌరవంగా పలకరించినవాళ్ళు లేరు. ఆ గౌరవం కోసమే వెళ్ళాడు. పదహారో రోజున తిరిగొచ్చాడు. లెక్కల్లో వాడు ఉద్యోగస్థుడు, ఇంట్లో వాళ్ళమ్మ కళ్ళముందు మంచమ్మీదున్నాడు.

ఈలోగా మన రాష్ట్రంలో నైపుణ్య గణన కూడా వచ్చింది. 2024 జూన్ 13న ముఖ్యమంత్రి పెట్టిన తొలి ఐదు సంతకాల్లో అదొకటి. ఎవరికేం వచ్చో లెక్క తీద్దామన్నది మంచి ఆలోచనే, నేను వెక్కిరించను. కాకపోతే ఇలాంటి లెక్కల్లో తల్లుల సాక్ష్యం తీసుకోకూడదు. "మీవాడికి ఏం వచ్చమ్మా?" అనడిగితే మా చెల్లెలు "ఏమీ రాదు, రాసుకోండి" అంటుంది. అన్ని పథకాల నివేదికల్లోకీ సూటి వాక్యం అదే.

మొన్న ఆ కుట్టుశిక్షణ బ్యాచి ముగిసింది. మావాడు ఫోన్ చేశాడు, మొదటి ఫోను నుంచే. గొంతులో ఏదో ఇబ్బంది.

"ఒరే, ఆ వేలు పడనమ్మాయి గుర్తుందా? నాలుగోరోజే పేరు తీసేశాం. డ్రాపౌట్ కింద చూపించాం."

"అయితే?"

"వాళ్ళ చెల్లెలు బ్యాచిలో ఉందిగా, తోడుగా వచ్చి మధ్యాహ్నాలు వరండాలో కూర్చునేదట. కిటికీలోంచి చూస్తూ. టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుందట. అందరూ పోయాక మిషను తొక్కనిచ్చేదట."

"అయితే ఏమైంది?"

"ఏమవ్వాలి, ఇప్పుడు ఊరందరికీ ఆ పిల్లే జాకెట్లు కుడుతోంది. మా ఆవిడ కూడా అక్కడే ఇచ్చింది. పాసైన ఇరవయ్యారు మందిలో ఒక్కళ్ళకీ చంక భాగం కత్తిరించడం రాలేదు. నేర్చుకున్నదేమో డ్రాపౌట్ గడిలో ఉంది. పైనుంచి సక్సెస్ స్టోరీ ఒకటి పంపమన్నారు. ఫొటో తీద్దామని వెళ్ళాను. హాజరు సున్నా. ఎలా పంపనురా?"

నేనేం చెప్పను. బట్ట ఎక్కడిదీ, కత్తిరించడం దేనిమీద నేర్చుకుందీ అనడిగాను.

"పాత పేపర్ల మీద. మీ పేపరే. నీ కాలమ్ వచ్చే పేజీ జాకెట్టు వీపు భాగానికి సరిగ్గా సరిపోతుందంది."