ఆఖరి రోజు బండి నడపడం ఎలా? లద్దాఖ్ వీరులకు కొన్ని సూచనలు

లద్దాఖ్‌కు ఎలా పోవాలో చెప్పడానికి అనుభవజ్ఞులైన అన్నలు వాడకొకరు ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఆఖరి రోజు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఇంటి దారి తెలియనిదెవరికి అని వాళ్ల ధీమా. ఆ లోటు తీర్చడానికే ఈ మార్గదర్శిని.

ముగ్గురు మిత్రులు అనుకుందాం. ఒకరిది భూపాలపల్లి, ఒకరిది మానుకోట, ఒకరిది జనగామ. నాగపూర్ మీదుగా దిగి, గడ్చిరోలిలో చివరి రాత్రి పడుకున్నారు. తెల్లారితే సద్దుల బతుకమ్మ. కింది సూచనలు తు.చ. తప్పక పాటిస్తే, మంచు కొండల్లో ఎదురుకాని సాహసాలన్నీ ఈ ఒక్క రోజులో ఎదురవుతాయని హామీ.

1. ఆలస్యంగా లేవండి

లేహ్‌లో ఒళ్లు ఎత్తుకు అలవాటు పడాలని రెండు రోజులు గది దాటలేదు. ఖర్దుంగ్ లా కనుమ ఎక్కే రోజు చీకటితో లేచి చైను, టైర్లలో గాలి, బ్రేకులు ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. అది పరాయి నేల, భయం ఉంటుంది. ఇవాళ పోయేది సొంతూరికి, అందుకని తొమ్మిదింటికి లేవండి. ఇన్ని రోజులు ఊడని చైను ఇవాళే ఊడుతుందా? వెనక బ్రేకు కీచుమంటే చెవిలో పాట శబ్దం కాస్త పెంచుకోండి. మిగతాది ఊళ్లో మెకానిక్ చూసుకుంటాడు.

2. దూరాన్ని వేగంతో భాగించి, వచ్చింది నమ్మండి

గడ్చిరోలి నుంచి సిరొంచ 200 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. కాళేశ్వరం నుంచి హనుమకొండ సుమారు 120. గంటకు 80 చొప్పున వేస్తే నాలుగు గంటలు. ఆలపల్లి దాటాక వచ్చే అడవి దారిని, గుంతలను, చాయ్‌ని, నడుము నొప్పిని లెక్కలోకి రానీయకండి. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, “అవ్వా, రెండింటికల్లా ఇంట్ల ఉంట” అని మాటివ్వండి. “నిమ్మళంగ రా బిడ్డా, కూర యాడికి పోతది” అని ఆమె అంటుంది. ఆ ముక్క వినపడకముందే ఫోన్ పెట్టేయాలి. మాట ఇచ్చినవాడి బండికి వేగం దానంతటదే వస్తుంది.

ఈ విషయంలో బోధన్ ఉపాధ్యాయురాలు రజియా బేగంను ఆదర్శంగా తీసుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయిన కొడుకును తెచ్చుకోవడానికి ఆమె స్కూటీ మీద రానూపోనూ సుమారు 1,400 కిలోమీటర్లు నడిపారు. పోలీసుల అనుమతి పత్రం, తినడానికి రొట్టెలు వెంట పెట్టుకుని, మూడు రోజుల్లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని ఇల్లు చేరారు. ఆమె పోయింది కొడుకు కోసం, మనం వచ్చేది స్టేటస్ కోసం. ఎక్కడా పోలిక కుదరదు.

3. వంతెన దాటగానే హెల్మెట్ తీయండి

గోదావరి దాటితే మన భూపాలపల్లి జిల్లా. మన జిల్లాలో మన తలకు ఏమవుతుంది? హెల్మెట్ తీసి మోచేతికి తగిలించండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మకూడదని కేంద్రం నియమం పెట్టింది. వాళ్లు తలను మనసులో పెట్టుకుని ఆ నియమం రాసి ఉండొచ్చు గానీ, మోచేయి మాత్రం తక్కువ అవయవమా? గ్లౌజులు, మోకాలి తొడుగులు బ్యాగులో భద్రంగా దాచండి, గీతలు పడకుండా ఉంటాయి.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఇద్దరికీ దండం పెట్టి, మిగిలిన దారి భారం వాళ్ల మీద వేసేయండి. ఇద్దరున్నారు గనక పని పంచుకుంటారు.

4. టిప్పర్‌కు దగ్గరగా ఉండండి

మహదేవపూర్ వైపు ఇసుక లారీలు, భూపాలపల్లి దగ్గర పడితే బొగ్గు టిప్పర్లు. ఊరి చుట్టూ సింగరేణి గనులు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. రోడ్డు ఖాళీగా ఉండమంటే ఎలా ఉంటుంది?

గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. ముందు బండి ఆగిందని కన్ను చూసి, మెదడుకు ఎక్కి, చెయ్యి బ్రేకు మీదికి వచ్చేలోపే ఆ 22 మీటర్లూ అయిపోతాయి. బ్రేకు తన పని మొదలుపెట్టేది ఆ తర్వాతే. అందుకే టిప్పర్ వెనక రెండు మీటర్లలో ఉండండి. బ్రేకు గురించి ఆలోచించే శ్రమే తప్పుతుంది. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడటం లేదంటే, అతనికి మీరు కూడా కనబడటం లేదు. మంచిదే, పాపం అతని ధ్యాస ఎందుకు చెడగొట్టడం! దాటాలనుకుంటే మలుపు దగ్గర ఎడమ పక్క నుంచి దూరండి. కుడి పక్క నుంచి ఎవరైనా దాటుతారు.

5. భూపాలపల్లిలో కడుపు నిండా తినండి

మొదటి మిత్రుడి ఇల్లు వచ్చింది. రెండింటికి రావలసినవాళ్లు అయిదింటికి వచ్చారు. బగారన్నం, నాటుకోడి కూర, చేసి రెండు రోజులైన సర్వపిండి కాదు, అప్పుడే గిన్నెలోంచి తీసిన సర్వపిండి. వద్దనకుండా తిని, చెయ్యి కడిగిన నీళ్లు ఆరకముందే బండి ఎక్కండి.

మిత్రుడి తల్లి అడ్డం పడుతుంది. “పొద్దుగూకుతాంది బిడ్డా, ఇయ్యాల పండి పొద్దుగాల పోరాదు?”

“ఇగ ఎంత దూరం పెద్దమ్మా, వచ్చినట్టే!” అనాలి.

ఖర్దుంగ్ లా మీద అరగంటకు మించి ఉండొద్దని ఒక సైనికుడు చెబితే చేతులు కట్టుకుని విన్నారు. పెద్దమ్మ ఒంటి మీద యూనిఫాం లేదు, వినాల్సిన పనిలేదు. పరకాల దాటేసరికి కళ్లు మూతపడితే కిటుకు సులభం: ఒక్కో కన్నుకూ వంతులవారీగా విశ్రాంతి ఇవ్వండి.

6. తెలిసిన దారిలో చీకటి పడనివ్వండి

హనుమకొండలో ఇద్దరూ విడిపోతారు. జనగామ మిత్రుడికి 163వ జాతీయ రహదారి. నాలుగు వరుసలు, నడుమ డివైడర్. అతని ఊరి మలుపు అవతలి పక్కన ఉంటుంది, యూటర్న్‌కు ఇంకాస్త ముందుకు పోవాలి. వేల కిలోమీటర్లు తిరిగినవాడికి ఆ కాస్త భారమే. ఎదురు దారిలో దూరి, లైటు ఎత్తి పెట్టి, హారన్ కొట్టుకుంటూ పోవాలి. ఎదురొచ్చేవాళ్లే సర్దుకుంటారు, వాళ్లకు ముందు ఎంతో రోడ్డుంది.

మానుకోట మిత్రుడు నర్సంపేట, గూడూరు మీదుగా పోతాడు. దసరా రోజులు కాబట్టి సగం రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉంటాయి. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం. రాత్రి మంచు పడుతుందని నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతాడు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, రాళ్లు. నలభై మీద పోతే అవి కనబడి కంగారు పుడుతుంది. ఎనభై మీద పోతే కనబడవు, మనసు ప్రశాంతంగా ఉంటుంది. మందలోంచి వెనకబడ్డ బర్రె ఒకటి రోడ్డు మధ్యన నిలబడి ఉంటే అదే పక్కకు జరుగుతుందని నమ్మండి.

ఊరి పొలిమేరలో ఆడవాళ్లు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని రోడ్డు వెంట చెరువుకు నడుస్తుంటారు. పిల్లలు ముందూ వెనకా ఉరుకుతుంటారు. ఇదే అదను. గేరు తగ్గించి, సైలెన్సర్ మోగించి, వాళ్ల నడుమ నుంచి రయ్యిమని పోనివ్వండి. లద్దాఖ్ పోయొచ్చినవాడు వచ్చాడని ఊరికి తెలియాలి కదా.

7. చేరాక ఎత్తు పెంచండి

ఇంటి ముందు జనం చేరతారు. కాక అడిగేది ఒక్కటే: “మైలేజెంత ఇచ్చింది రా?” దానికి జవాబు దాటవేసి కొండల ఎత్తు ఎత్తుకోండి. ఖర్దుంగ్ లా మీద 18,380 అడుగులని బోర్డు ఉండేది. జీపీఎస్‌తో కొలిస్తే 17,582 దగ్గర తేలింది. మీరు బోర్డునే నమ్మండి. 2021లో గిన్నిస్ గుర్తింపు పొందిన ఉమ్లింగ్ లా 19,024 అడుగులు. అటు పోకపోయినా, “దాని పక్కనుంచే వచ్చినం” అంటే కాదనేవారు వాడలో లేరు.

పై సూచనలన్నీ పాటించి కూడా క్షేమంగా ఇల్లు చేరారంటే అందులో మీ నైపుణ్యం పాలు తక్కువే. చెల్పూరు దగ్గర ఎడమ పక్క నుంచి దూరిన మిమ్మల్ని కనిపెట్టి వేగం తగ్గించిన టిప్పర్ డ్రైవర్, సాయంత్రమే మక్కలెత్తి రాళ్లు పక్కకు దొర్లించిన రైతు, హారన్ వినబడగానే పిల్లను రెక్క పట్టి లాగిన తల్లి, ఎదురు దారిలో మీకు తోవ ఇచ్చి తిట్టుకుంటూ పోయిన లారీ, మిమ్మల్ని తెచ్చి దింపింది వీళ్లు. వాళ్ల నంబర్లు మీ దగ్గర లేవు కాబట్టి స్టేటస్‌లో “ఒంటరిగా సాధించిన విజయం” అని నిశ్చింతగా రాసుకోండి.