టాక్రోలిమస్ గుళిక ఆత్మకథ

టాక్రోలిమస్ అనే ఈ గుళిక తన జన్మవృత్తాంతం చెప్పుకోవలసి వస్తే, 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో శాస్త్రజ్ఞులకు దొరికిన ఒక సూక్ష్మజీవి దగ్గర మొదలుపెట్టాలి. నార్వే మట్టిలోని శిలీంధ్రం నుంచి వచ్చి, 1978 నాటికే కేంబ్రిడ్జిలో అవయవ మార్పిడి రోగులకు అందిన సైక్లోస్పోరిన్ దీనికి వరుసకు అక్క. పరాయి అవయవంపై దాడిచేసే టి-కణాలను, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలను, ఉసిగొల్పే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డగించడమే ఈ రెండింటి పని.

సికింద్రాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో 2020 సెప్టెంబరులో కోవిడ్ రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. అటువంటి మార్పిడి తరువాత ఈ జాతి మందులు సాధారణంగా జీవితాంతం వాడవలసినవే కాగా, కొత్త ఊపిరితిత్తులను కాపాడే క్రమంలో రోగి సొంత మూత్రపిండాలు నలుగుతాయి. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్ అనే కేశనాళికల గుత్తికి రక్తం తెచ్చే సన్నని ధమనిక ఈ మందు వల్ల ముడుచుకుంటుంది; వడపోత తగ్గి, క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. తొలిదశలో మోతాదు తగ్గిస్తే తరచుగా కుదుటపడుతుంది గాని, ఏళ్ల తరబడి సాగితే ధమనిక గోడ గట్టిపడి, చుట్టూ ఉన్న కణజాలం చారలు చారలుగా మచ్చకడుతుంది, ఆ మచ్చ ఇక మానదు. మూత్రపిండం కాక ఇతర అవయవాలు మార్పించుకున్న 69,321 మంది అమెరికా రోగులపై 2003లో వెలువడిన అధ్యయనంలో 16.5 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం కనిపించింది. నేరమంతా ఈ గుళికదే కాదు, పాత్ర మాత్రం కాదనలేనిది.

మార్చినది మూత్రపిండమే అయితే చిక్కు మరింత ముదురుతుంది. శరీరం దాన్ని తిరస్కరించినా, మందు ఎక్కువైనా క్రియాటినిన్ ఒకేలా పెరుగుతుంది, కాని మొదటిదానికి మందు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. అందుకే చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ ఒక్కోసారి తప్పదు.

ఉదయపు గుళిక మింగకముందే ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి రక్తం తీసి మందు మట్టం చూస్తారు, మింగి వెళితే ఆ లెక్క పనికిరాదు. క్లారిత్రోమైసిన్, పంపరపనస ఆ మట్టాన్ని పెంచుతాయి, క్షయకు వాడే రిఫాంపిసిన్ పడగొడుతుంది, మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్ అదే ధమనికను ఇంకా బిగిస్తుంది. కాబట్టి మార్పిడి చేయించుకున్నవారు దుకాణంలో ఏ మాత్ర అడిగినా ముందు ఈ గుళిక పేరు చెప్పాలి. వైద్యుడు చెప్పనిదే దీన్ని ఒక్కపూట కూడా మానరాదు.