డయాలసిస్ చేయించుకునేవారికి ఇవ్వకూడని ఐదు సలహాలు

హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు వైద్యానికి వచ్చే తెలుగువాళ్లు ఎందరో. ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైందనగానే చుట్టాలందరూ సలహాలు మొదలుపెడతారు. వాళ్ల ప్రేమలో లోపం లేదు. కానీ ఈ ఐదు మాటలూ ఆ మనిషిని ఇంకా కుంగదీస్తాయి.

1. "మంచం దిగకు, నీరసపడతావు."
వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఎలాగూ పడుకునే ఉంటారు. మిగతా రోజులూ పడుకుంటే కండ కరిగిపోతుంది. నీరసం పెరిగేది అందుకే. ఇటలీలో డయాలసిస్ రోగులను ఆరు నెలలు ఇంటిదగ్గరే కొద్దికొద్దిగా నడిపించారు. ఆరు నిమిషాల్లో వాళ్లు నడవగలిగే దూరం పెరిగిందని 2017లో ప్రచురించారు.

2. "మిషన్ మీద ఉన్నప్పుడు కదలొద్దు."
కదపకూడనిది సూదులున్న చెయ్యి. తొడలో కాథెటర్ లేకపోతే, సిబ్బందిని అడిగి కాళ్లు ఆడించవచ్చు. మడమ ఎత్తి దించడం, మోకాలు చాపి ముడవడం చాలు. మొదటి రెండు గంటల్లోనే చేయాలి. ఒంట్లో నీరు తీసేకొద్దీ బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

3. "ఫిస్టులా చేతితో ఏ పనీ చేయకు."
ఫిస్టులా అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బిందెలు మోయకూడదు, దానిమీద ఒత్తిగిలి పడుకోకూడదు. అంతేగానీ మామూలు పనులు మానక్కర్లేదు. ఆపరేషన్ గాయం మానాక, డాక్టర్ సరేనంటే రబ్బరు బంతి నొక్కవచ్చు. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద వేలు పెట్టి చూడండి. జుమ్మనే అదురు ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

4. "నడిచొచ్చావుగా, బొండం తాగు."
బెంగళూరులో ప్రతి మలుపులోనూ బొండాల బండి ఉంటుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. దాహమైతే డాక్టర్ చెప్పిన లెక్కలోనే గుక్కెడు నీళ్లు తాగాలి.

5. "దిగులెందుకు, ధైర్యంగా ఉండు."
డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి డిప్రెషన్ ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఒంట్లో ఓపిక ఉండదు. అదంతా కిడ్నీ జబ్బేనని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. వ్యాయామం మనసుకు ఊరటనిస్తుంది, కానీ వైద్యానికి బదులు కాదు. "ఇక డయాలసిస్‌కు రాను" అన్నారంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి, డాక్టర్‌కు చెప్పండి. 2022లో మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు బెంగళూరులోని నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం. 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఛాతీలో నొప్పి, ఆయాసం, జ్వరం ఉన్నా, ఒక డయాలసిస్ తప్పిపోయినా వ్యాయామం వద్దు. మిగతా రోజుల్లో సలహా మాని తోడు వెళ్లండి. వీధి చివరిదాకా, ఓపిక ఉంటే పక్కనున్న పార్కుదాకా. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు "ఎంత నడవొచ్చు, ఏవేవి వద్దు?" అని డాక్టర్‌ను అడిగి, జవాబు ఫైల్లో రాయించుకోండి.