‘లైన్ పోయింది’: సటీకా తాత్పర్యం

మూలం: “ఏమండీ, నాలుగో లైన్లో లైన్ పోయిందట. లైన్‌మన్‌కి చేస్తే లైన్ కలవట్లేదు.”

అవతారిక: గుంటూరు బ్రాడీపేటలో ఒకానొక ఇల్లాలు, అల్లప్పచ్చడి సగం నలిగి మిక్సీ ఆగిపోగా, పేపరు చదువుకుంటున్న భర్తనుద్దేశించి పలికిన వాక్యమిది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికే కట్టుబడతాడు.

ప్రతిపదార్థం: ఏమండీ = ఓ నాథా; నాలుగో లైన్లో = నాలుగవ వీధియందు; లైన్ = విద్యుత్తు; పోయిందట = పోయెనని వినికిడి; లైన్‌మన్‌కి = స్తంభములెక్కు ఉద్యోగికి; చేస్తే = ఫోను చేసినచో; లైన్ = మాటలకు దారి; కలవట్లేదు = కుదురుట లేదు.

టీక: మొదటి లైన్ సంగతి గుంటూరువారికి చెప్పనక్కర్లేదు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధి పేరు లైను, దాన్ని కోసేది అడ్డరోడ్డు. ‘నాలుగు బై పద్నాలుగు’ అంటే ఆటో అతను లెక్కల ప్రశ్న అనుకోడు, సరిగ్గా అక్కడే దింపుతాడు. ‘పోయిందట’లోని ‘అట’ను తేలిగ్గా తీసుకోరాదు. తన మిక్సీ తన కళ్లముందే ఆగినా ‘అట’ అన్నదంటే, ఎదురింటావిడను విచారించే వచ్చిందని ధ్వని. ‘చేస్తే’ దగ్గర ఫోను అధ్యాహారం. ఒకే మాట వేర్వేరు అర్థాల్లో తిరిగి వచ్చింది కనుక అలంకారం యమకం. ఇల్లాలికి ఆ సంగతి తెలియదు, తెలిసినా పచ్చడి నలగదు.

తాత్పర్యం: మీరు లేవండి.

పూర్వపక్షం: “లైన్ అంటే గీత అని బడిలో వల్లె వేశాం. ఇన్ని లైన్లలో గీత ఏదీ?” అని శిష్యుడి సందేహం. సమాధానం: గీత తరవాత వచ్చింది. లాటిన్‌లో లీనుం అంటే అవిసె మొక్క, దాని నారతో పేనిన దారం లీనియా. దారాన్ని బిగించి లాగితే తిన్నగా నిలుస్తుంది, గీతకు ఆ పేరు అలా దక్కింది. కాబట్టి స్తంభం మీది తీగే అసలు అర్థానికి దగ్గరి చుట్టం. తీగ పేరు తీగలో పారేదానికి పెట్టడం లక్షణ. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని శాస్త్రకారులు సర్దుకున్నారు కదా.

“మరి ఎక్కడ ఏ అర్థమో పోల్చుకునేదెట్లా?” సైంధవం తెమ్మంటే భోజనం వేళ ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం అని పాతవాళ్లు సందర్భాన్ని నమ్ముకున్నారు. మన లైన్‌కి పక్కనున్న క్రియే దిక్కు. కలిస్తే ఫోను. కడితే జనం. తప్పితే కుర్రాడి నడత. బాగుంటే సినిమా కథ. దర్శకుడు నిర్మాతకు చెప్పి ఒప్పించేది లైనే, మూడు గంటల బొమ్మ పూర్తయ్యాక కనిపించనిదీ అదే. వేయడం ఒక్కటే ఇబ్బంది పెడుతుంది. లైన్‌మన్ లైన్ వేస్తే ఉద్యోగం, కాలేజీ గేటు దగ్గర కుర్రాడు వేస్తే చెప్పు తెగే వ్యవహారం. ఇంగ్లీషు నిఘంటువులో ఇవన్నీ వెతకబోవద్దు, సగం మనం కల్పించినవే.

తిరుమల ‘క్యూలైన్’లో పునరుక్తి ఉందని పండితులు ఆక్షేపిస్తారు. క్యూ అన్నా వరసే. ఫ్రెంచివాళ్లకు ఆ మాట అర్థం తోక. వైకుంఠం కాంప్లెక్స్‌లో ఒక్క రాత్రి కూర్చున్నవారు మాత్రం దీన్ని దోషమనరు, అంత పొడుగుకు ఒక మాట చాలదు.

విశేషం: ‘లైన్ క్లియర్’ వద్ద జాగ్రత్త. రైల్వేలో ముందు స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే వెనక స్టేషను రైలును వదులుతుంది. అంటే, వస్తుంది కనుక పట్టాల మీంచి తప్పుకో అని. విద్యుత్ శాఖలో సరఫరా ఆపించి ఎల్‌సీ, అంటే అదే లైన్ క్లియర్, తీసుకున్నాకే లైన్‌మన్ స్తంభం ఎక్కాలి. అంటే, రాదు కనుక ఎక్కు అని. ఒకచోట రాకకు హామీ, ఒకచోట రాకపోవడానికి హామీ. రెండింటిలోనూ ప్రాణాలు దాని మీదే ఉన్నాయి. మూడోది పత్రికల్లో కనిపిస్తుంది: ‘పోస్టుల భర్తీకి లైన్ క్లియర్’. అక్కడ రైలు రాదు, కరెంటు పోదు, నోటిఫికేషన్ జాడ ఉండదు. మూడింటిలో నమ్మదగినవి మొదటి రెండే.